తెల్లని కొసలు

మా ఇంట్లో అమ్మ "పగడం" అంటుంది, నాన్న తమిళంలో "పవళం" అంటారు. ఇద్దరూ చెప్పేది ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం గురించే. అది దిబ్బలు కట్టే జాతి కాదని, కిందటి వేసవి సెలవుల్లో అండమాన్‌లో ఉన్న మావయ్యగారింటికి వెళ్ళేదాకా నాకు తెలీదు.

స్వరాజ్ ద్వీపంలో ఎలిఫెంట్ బీచ్ దగ్గర మాస్కు పెట్టుకుని నీళ్ళమీద బోర్లా తేలాను. కింద జింక కొమ్ముల్లాంటి గోధుమరంగు పొద. కొసలన్నీ తెల్లగా ఉన్నాయి. అయ్యో, చచ్చిపోతున్నాయనుకున్నా. పైకొచ్చి అడిగితే గైడు అన్న నవ్వి, "అవి పెరిగే కొసలమ్మా" అన్నాడు.

పగడం చెట్టూ కాదు, రాయీ కాదు. సున్నంతో ఇల్లు కట్టుకునే చిన్నచిన్న ప్రాణుల గుంపు. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. తిండి చాలావరకు అది పెట్టేదే, గోధుమరంగూ దానిదే.

కొమ్మల పగడాన్ని గుర్తుపట్టాలంటే ముందు కొస చూడాలి. కొస చివర ఒకే ఒక్క గిన్నె, పక్కలంతా చిన్న గిన్నెలు ఉంటే అది అక్రోపోరా. కొత్త కొసకు నాచు ఇంకా బాగా చేరదు, అందుకే ఆ తెలుపు. కొస మొద్దుగా, ఒళ్ళంతా కాకరకాయలా బొడిపెలుంటే పోసిల్లోపోరా. ఆవపిండి రంగులో నున్నగా ఉండి కొసలు తెల్లగా ఉంటే దూరం జరగండి. అది ఫైర్ కోరల్, అసలు పగడం కాదు. తాకితే చర్మం మండుతుంది.

కొసే కాక మొదలుదాకా తెల్లగా ఉంటేనే భయపడాలి. సముద్రం మామూలు వేసవికన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి వారాల తరబడి అలాగే ఉంటే నాచు వెళ్ళిపోతుంది. 2010లో అండమాన్‌లో ఇలాగే జరిగింది. "ముఖం తెల్లబోయింది" అంటామే, అదే. అప్పటికీ ప్రాణం ఉంటుంది. నీళ్ళు త్వరగా చల్లబడితే కోలుకోవచ్చు. పైన పాకుడు పట్టిందా, ఇక చచ్చినట్టే.

ఇంకో సంగతి దాచితే ఈ పాఠం సగమే అవుతుంది. మాస్కులోకి నీళ్ళొచ్చి, కంగారులో కాళ్ళు కిందికి వేశాను. వేలంత కొమ్మ విరిగింది. త్వరగా పెరిగే జాతే, అయినా ఏడాదికి కొన్ని అంగుళాలే. ముక్క తెచ్చుకోబోతే గైడు అన్న వద్దన్నాడు. మన వన్యప్రాణి చట్టంలో పగడమూ పులీ ఒకే షెడ్యూల్లో ఉన్నాయి. పైగా ఆ ముక్క ఎక్కడైనా అతుక్కుంటే మళ్ళీ పెరగగలదు.

మీరు వెళితే తేలండి, నిలబడకండి. నేను విరిచిన చోట ఈపాటికి తెల్ల కొస వచ్చి ఉండాలని నా ఆశ.