మూగవోయిన జన్యువును గూర్చి ఒక జాబు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ జాబు అందినది. నీవు చేర్చిన జన్యువు కొన్ని పొగాకు మొక్కలలో ఉండియు పలుకకున్నదనియు, వానిని పెరికివేసి తక్కినవానితో పని సాగింపనెంచితివనియు వ్రాసితివి. పెరుకకుము. నీవు చేపట్టిన శాస్త్రములో ఒక శాఖయంతయు అట్టి పనికిరాని మొక్కలనుండియే మొలచినది.

1990లో కాలిఫోర్నియాలో నాపోలి, లెమ్యూ, జోర్గెన్సెన్ అను శాస్త్రజ్ఞులు, ఊదాపూల పెటూనియాలో వర్ణద్రవ్యమునకు ఆవశ్యకమైన కాల్కోన్ సింథేజ్ అను ఎంజైము మరింతగా పుట్టవలెనని, దాని జన్యువునకు ఇంకొక ప్రతిని చేర్చిరి. చేర్చగా, ఆ ప్రతి కుదిరిన మొక్కలలో నూటికి 42 పూర్తిగా తెల్లని పూలనో, ఊదాపై తెలుపు చారలు దిగిన పూలనో పూచినవి. కొత్తగా వచ్చినదానితోపాటు పుట్టుకతోనున్న జన్యువు సైతము మూగవోయి, దాని వార్తాహర ఆర్ఎన్ఏ సహజప్రమాణములో 50వ వంతునకు పడిపోయినది. అంతకంటె వింత, తెల్లపూల మొక్కలలో కొన్ని మరల ఊదాపూలు పూచుటయు, పూచినప్పుడు రెండు జన్యువుల ఆర్ఎన్ఏయు కూడబలుకుకొన్నట్లు పెరుగుటయు. నశించిన జన్యువైనచో ఇట్లు తిరిగి పలుకునా?

అయితే మౌనములన్నియు ఒక్కజాతివి కావు. నీ జాబులో నాకు కొఱతగా తోచినది ఈ వివేచనయే. పెటూనియాలో జన్యువు చదువబడుచునే యుండును, ఆ చదివిన ప్రతి మాత్రము పనికి చేరకముందే ఖండింపబడును. 1999లో నార్విచ్‌లో హామిల్టన్, బాల్కంబ్ అనువారు ఇట్టి మొక్కలలో సుమారు 25 అక్షరముల పొడవుగల చిట్టి ఆర్ఎన్ఏలను కనిపెట్టిరి. ఏ ప్రతిని త్రుంచవలెనో గుర్తుచూపునవి ఇవియే. అదే ఏట, అదే ఊర, క్యూబాస్, విన్సెంట్, కోయెన్ అనువారు రెండవజాతి మౌనమును లినేరియాలో చూపిరి. ఆ మొక్క పసుపుపువ్వునకు క్రిందివైపున ఒక్కటే కొమ్ముండును. 1744లో లినేయస్ పెలోరియా అని వర్ణించిన వికృతరూపములోనో, ఐదు రేకులకు ఐదు కొమ్ములై పువ్వు చుట్టును సమముగా విచ్చినది. అక్షరములు చెడుటవలన గాక, ఎల్‌సైక్ అను జన్యువులోని సైటోసిన్లకు మిథైల్ గుంపులు దట్టముగా అంటుకొనుటవలన అది చదువబడక నిలిచినదని వారు తేల్చిరి. ఆ మిథైల్ ముద్ర విత్తనమునకును దిగును. ఒక్కొక్కప్పుడు మొక్క జీవితములోనే ఊడి, పువ్వు పూర్వరూపమునకు మరలును.

ఇది విని, ఆర్జితగుణములు సంతతికి దిగునన్న లామార్కు గెలిచెనని కేకలు వేయువారు కలరు; నాకా తొందర సమ్మతము కాదు. అరబిడాప్సిస్ అను మొక్కను చూడుము. పుష్పించుటను అడ్డగించు ఎఫ్ఎల్‌సీ జన్యువు, వారాలతరబడి చలి సోకగా, తాటాకు గ్రంథమును దారముతో బిగించినట్లు హిస్టోన్ ప్రోటీన్లపై బిగిసి మూతపడును. వసంతము వచ్చినను మూత వదలదు. కాని పిండదశలో ఆ గురుతు తుడిచివేయబడును, బిడ్డ మొక్క తన చలిని తానే అనుభవింపవలెను. ఒక ముద్ర తరము దాటును, మరియొకటి దాటదు. ఏది ఎట్టిదో విత్తి చూడనిదే చెప్పరాదు.

కావున ముందుగా మూగమొక్కలలో జన్యువు అక్షరక్రమము చెక్కుచెదరలేదని రూఢిచేసికొని, పిదప ఆర్ఎన్ఏను కొలిచి, అటుపై బైసల్ఫైటు పరీక్ష చేయుము. మిథైల్ లేని సైటోసిన్ అందు మారిపోవును, ఉన్నది నిలుచును. ఒక్క ఆకుతో తృప్తిపడక, కొమ్మకొమ్మకు వేర్వేరుగా చూడుము. ప్రతి మొక్క విత్తనమును స్వపరాగముతో కట్టించి విడివిడి పొట్లములలో దాచి, రెండు తరములైనను పెంచుము. మీ గైడు స్థలము లేదనినచో గ్రీన్‌హౌసులో ఒక మూల నాలుగు కుండీలకు చోటిమ్మని అడుగుము; అందుకు మొగమాటమేల?

పెద్దమ్మ నిన్ను సంక్రాంతికి తప్పక రమ్మన్నది. వచ్చునప్పుడు నీ పట్టికలు తెమ్ము.

ఇట్లు,
పెదనాన్న