నీటిలో ఫ్లోరైడు కొలవడం - నేను చేసిన ఒక పొరపాటు

విశ్లేషణ రసాయన శాస్త్రం అంటే బ్యూరెట్టు, పిపెట్టు, రికార్డు పుస్తకం, చివర పరీక్షకుడి సంతకం - ఇంతేనని ఎం.ఎస్సీ. చివరి సంవత్సరం దాకా నేనూ అనుకున్నవాణ్ణే. ఆ అభిప్రాయాన్ని మార్చింది నల్లగొండ నీళ్లు. ఆ అనుభవాన్నీ, దానితోపాటు కాస్త పాఠాన్నీ మిత్రుల ముందుంచుతున్నాను.

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. నల్లగొండ సంగతి వేరే చెప్పనక్కరలేదు. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనీ, వేరే నీరు దొరకనిచోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చనీ భారత ప్రమాణం. అంటే మంచికీ చెడుకీ మధ్య అర మిల్లీగ్రాము.

దీన్ని పట్టుకునే చక్కని సాధనం ఫ్లోరైడు ఎలక్ట్రోడు. ఫ్రాంట్, రాస్ అనే శాస్త్రజ్ఞులు 1966లో ప్రకటించారు. దాని కొసన లాంథనం ఫ్లోరైడు స్ఫటికపు బిళ్ల, అందులో రవంత యూరోపియం. ఆ స్ఫటికం గుండా కదలగలిగింది ఫ్లోరైడు అయాను ఒక్కటే. గాఢత పదింతలైతే, 25 డిగ్రీల వద్ద, మీటరు సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. ఒక్క మిల్లీవోల్టు తప్పు చదివామా, ఫలితంలో దాదాపు 4 శాతం తప్పు!

నా ప్రాజెక్టు నల్లగొండ పద్ధతిలో శుద్ధి చేసిన నీళ్ల మీద. నాగపూరులోని నీరీ సంస్థ రూపొందించిన ఈ పద్ధతిలో నీటికి పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కలిపి, కలియబెట్టి, తేరిన పైనీరు వాడుకుంటారు. ఒక ఊళ్లో నమూనాలు పడుతుంటే (ప్లాస్టిక్ సీసాల్లోనే సుమా!) నడుము వంగిపోయిన ఒక అవ్వ అడిగింది: “బిడ్డా, ఈ నీళ్లు తాగొచ్చునా?”

“చూసి చెప్తానవ్వా” అన్నాను.

221 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడును లీటరు నీటిలో కరిగిస్తే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడు. దాన్ని పలుచన చేసి, గ్రాఫు గీసి, నమూనా పెట్టాను. ఒకటి లోపే వచ్చింది. సంతోషం పట్టలేక మరుసటి ట్రిప్పులో అవ్వకు చెప్పేశాను కూడా.

మాస్టారు గ్రాఫు చూసి ఒకటే అడిగారు. “తెలిసినంత ఫ్లోరైడు కలిపి, అది తిరిగి వస్తుందో లేదో చూశావా?” చూడలేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున కలిపి చూస్తే మీటరు అందులో సగమే చూపించింది. మిగతా సగం ఏమైనట్టు?

పటిక! తేరిన నీటిలో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడును సంక్లిష్టంగా బిగించి పట్టుకుంటుంది. ఎలక్ట్రోడు స్వేచ్ఛగా తిరిగే అయానును మాత్రమే చూస్తుంది. తప్పు దానిది కాదు. అవ్వ తాగేది మాత్రం రెండూ కలిపి.

అసలు టిసాబ్ అనే బఫరు కలపాలి. ఎసిటిక్ ఆమ్లం, ఉప్పు, సీడీటీఏ కలిపి, సోడియం హైడ్రాక్సైడుతో పీహెచ్‌ను 5-5.5కు తెస్తారు. పీహెచ్ మరీ తగ్గితే ఫ్లోరైడు హెచ్‌ఎఫ్‌గా మారి కనబడదు; మరీ పెరిగితే హైడ్రాక్సైడు అయాను స్ఫటికాన్ని మోసగిస్తుంది. ఉప్పు వల్ల నమూనాకూ ప్రమాణ ద్రావణానికీ అయానిక బలం సమం అవుతుంది. సీడీటీఏ అల్యూమినియాన్ని తాను పట్టుకుని ఫ్లోరైడును వదిలిపెడుతుంది. ఇదంతా పుస్తకంలో చదివినదే. కాని లాబ్‌లో సీడీటీఏ అయిపోయింది, ఖరీదైన సరుకు, ఇండెంటు పెట్టి కూర్చునే ఓపిక లేక బఫరు లేకుండానే కానిచ్చాను. (రంగు పద్ధతి అయితే బతికిపోయేవాణ్ణి అనుకోకండి; స్పాడ్న్స్‌నూ అల్యూమినియం తప్పుదారి పట్టిస్తుంది, ముందు స్వేదనం చేసుకోవాలి.)

సీడీటీఏ వచ్చాక నమూనా, బఫరు సమపాళ్లలో కలిపి, కొంతసేపు ఆగి కొలిచాను. ఒకటిన్నర దాటింది. కలిపిన ఫ్లోరైడు ఈసారి ఇంచుమించు మొత్తం తిరిగి వచ్చింది.

మర్నాడు బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. అవ్వ అరుగు మీదే ఉంది. విషయం చెప్పాను.

“మొన్న తాగొచ్చంటివి గద బిడ్డా” అన్నది.