ఊకబూడిదయు కొల్లేటి నీరును

మన తాడేపల్లిగూడెము వరిమిల్లులకు పేరుగన్న పట్టణము. మిల్లులలో ఊకను కాల్చగా మిగిలిన బూడిద గుట్టలుగా పడియుండును. ఇచటికి నైరృతి దిక్కున కొల్లేరు సరస్సు కలదు. ఈ రెంటికిని గల సంబంధమును విద్యార్థులకు వివరింప మేము పూనుకొంటిమి.

కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులును, అనేకములగు మురుగుకాల్వలును దీనిలో కలియును. ఉప్పుటేరు నీటిని సముద్రమునకు గొనిపోవును. 1999లో ఇది వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రాంసార్ ఒడంబడిక జాబితాలో చేరెను. 2006లో ప్రభుత్వము సరస్సులోని చేపలచెరువుల గట్లను పెక్కింటిని తెగగొట్టించెను. గట్లు తెగినంత మాత్రమున నీరు నిర్మలము కాదు గదా!

పొలముల ఎరువులును, పట్టణముల మురుగును, చెరువులలో చేపలు తినక మిగిల్చిన మేతయు నత్రజని, భాస్వరములను నీటిలో చేర్చును. పైరునకు బలమిచ్చు నీ పదార్థములే నీటిలో పాచిని, గుర్రపుడెక్కను మితిమీరి పెంచును. అవి చచ్చి కుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు హరించిపోవును. చేపలు ఊపిరాడక చచ్చును. చేపలు లేనిచో వానిని నమ్ముకొన్న బెస్తకుటుంబముల గతి యేమి?

భాస్వరము నీటిలో ఫాస్ఫేటు రూపమున నుండును. ఇనుము, అల్యూమినియము, సున్నము దానిని పట్టి బంధింపగలవు. బురదనీటిని తేర్చుటకు మన యిండ్లలో వాడు పటికలో అల్యూమినియము కలదు. అది ఫాస్ఫేటును గూడ పట్టును. ఉక్కు కర్మాగారముల చిట్టెములో సున్నపుపాలు మెండు. ఊకబూడిదలో మాత్రము సిలికాయే అధికము. దాని పైపొర సాధారణముగా ఋణవిద్యుత్తు కలది, ఫాస్ఫేటును అట్టిదే. సజాతులు ఒకదానినొకటి త్రోసివేయును గావున వట్టి బూడిద యంతగా పనికిరాదు. దానిని కడిగి, ఇనుపలవణపు ద్రావణములో నానబెట్టి, క్షారము కలిపినచో, త్రుప్పువన్నె పొర యొకటి దానిపై నేర్పడును. ఆ పొరయే ఫాస్ఫేటును పట్టుకొనును. సంస్కారము పొందిన వ్యర్థమే ఔషధ మగును.

అయినను బూడిదను బండ్లకెత్తి సరస్సులో పోయరాదు. కొన్ని బూడిదలలో విషలోహము లుండవచ్చును. చిట్టెపు సున్నము మితిమీరినచో నీటి క్షారగుణము పెరిగి చేపలకు కీడగును. కావున ముందుగా పరీక్షించి, మురుగుకాల్వలు సరస్సును చేరకమున్నే వడపోత మడుగులలో నుంచవలయును. నిండిన పదార్థమును సకాలమున తీసివేయవలయును. అది నిర్దోషమని తేలినచో, పట్టిన భాస్వరముతో సహా పొలమునకు ఎరువుగా వేయవచ్చును. నైట్రేటు రూపమున నున్న నత్రజని దీనికి చాలవరకు లొంగదు. దానిని తొలగించుటకు తుంగ, జమ్ము పెరిగిన మడుగులలోని సూక్ష్మజీవులే సాయపడవలయును.

ఎంత మంచి వడపోతయైనను పైనుండి వచ్చు మురుగు తగ్గనిచో త్వరలోనే నిండిపోవును. కావున ఎరువును మితముగా వేయు రైతును, మురుగును శుద్ధిచేసి విడుచు పట్టణమును కొల్లేటికి మొదటి వైద్యులు. ఊకబూడిద వారి చేతిలోని మందు మాత్రమే.