కూర్చోబెట్టకండి, కాలు జారకుండా చూడండి



మన పిల్లల్లో చాలామందికి స్కూలు బస్సు దిగగానే ఎదురొచ్చేది తాతయ్యో, నానమ్మో, అమ్మమ్మో. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో సాయంత్రం పాలు కలిపి ఇచ్చేదీ, డైరీలో టీచర్ ఏం రాశారో అడిగేదీ వాళ్లే. అలాంటి పెద్దవాళ్లు ఒక్కసారి బాత్రూమ్‌లో జారి పడితే ఇల్లంతా తలకిందులవుతుంది. అందుకే ఈ నెల మన పాఠం ఇంట్లోని పెద్దల గురించి. వాళ్లు పడిపోకుండా, అలాగని ఒక మూలన కూర్చుండిపోకుండా, తమ పనులు తామే చేసుకుంటూ ఉండటానికి మనం ఏం చేయగలమో చూద్దాం.

"మీరు కూర్చోండి, మేం చేస్తాం"

ఈ మాట మనం ప్రేమతోనే అంటాం. అత్తగారు కూర తరగబోతే కత్తిపీట లాక్కుంటాం. నాన్నగారు పాల ప్యాకెట్ తేవడానికి బయల్దేరితే "ఈ ట్రాఫిక్‌లో ఎందుకు నాన్నా" అని ఆపేస్తాం. ఊళ్లో పొలం గట్ల మీద నడిచిన మనిషి, నీళ్ల బిందె మోసిన మనిషి మన ఫ్లాట్‌కు వచ్చాక రోజంతా సోఫాకు, టీవీకి పరిమితమవుతారు.

వయసు పెరిగేకొద్దీ కండ తగ్గడం సహజం. వాడకపోతే మరింత త్వరగా తగ్గుతుంది. తొడల్లో బలం తగ్గితే కుర్చీలోంచి లేవడం కష్టమవుతుంది, అడుగు తడబడుతుంది. పడతామేమో అన్న భయంతో వాళ్లే నడక మానేస్తారు. నడక మానేస్తే కాళ్లు ఇంకా బలహీనపడతాయి, పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మనం జాగ్రత్త అనుకుని చేసిన పనే ఈ చక్రాన్ని తిప్పడం మొదలుపెడుతుంది.

పడటాన్ని తేలిగ్గా తీసుకోమని ఎవరూ చెప్పరు. ప్రపంచవ్యాప్తంగా ప్రమాదవశాత్తూ తగిలే గాయాల వల్ల సంభవించే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం పడిపోవడానిదే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అలా చనిపోయేవారిలో 60 ఏళ్లు దాటినవారే ఎక్కువ. కాబట్టి జాగ్రత్త కావాల్సిందే. ఆ జాగ్రత్తకు ఒక సూత్రం పెట్టుకుందాం: మనిషిని ఆపవద్దు, ఇంటిని సరిచేద్దాం.

ముందు ఇల్లు చూద్దాం

ఒక ఆదివారం ఇంట్లోని పెద్దవారితో కలిసి మంచం దగ్గర నుంచి బాత్రూమ్ దాకా, అక్కడి నుంచి వంటింటి దాకా నడవండి. వాళ్ల చెయ్యి ఎక్కడ ఆధారం కోసం వెతుకుతోందో, ఏ గడప దగ్గర ఆగుతున్నారో గమనించండి.

- బాత్రూమ్: చాలామంది పెద్దలు లేచేటప్పుడు తువ్వాలు రాడ్డును పట్టుకుంటారు. అది మనిషి బరువు మోయడానికి చేసింది కాదు, ఊడి వస్తుంది. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకు గట్టిగా బిగించే స్టీలు పట్టుకొమ్ములు పెట్టించండి. సబ్బు జిడ్డు పేరుకోకుండా నేల కడిగించండి. స్నానానికి కాళ్లు కదలని గట్టి స్టూలు వేయండి. బకెట్‌ను కూడా చిన్న పీట మీద పెడితే వంగే అవసరం తగ్గుతుంది. లోపలి గడియను బయటి నుంచి కూడా తీయగలిగే రకంగా మార్పించండి.
- రాత్రి దారి: పడే ప్రమాదం ఎక్కువగా ఉండే సమయాల్లో రాత్రి బాత్రూమ్‌కు లేచే వేళ ఒకటి. మంచం నుంచి బాత్రూమ్ వరకు చిన్న బెడ్‌లైట్లు పెట్టండి. పడుకున్న చోటి నుంచే స్విచ్ అందాలి. కరెంటు పోతే వెలిగే దీపం ఒకటి ఉండాలి.
- హాలు: ఇక్కడ తప్పు మన పిల్లలది, మనది. గుమ్మం దగ్గర విప్పేసిన బూట్లు, నడిచే దారిలో స్కూలు బ్యాగు, సోఫా కింద నుంచి వచ్చిన బొమ్మ కారు, గోడ నుంచి వేలాడే ఛార్జర్ వైరు. వీటన్నిటికీ ఒక చోటు కేటాయించండి. అంచులు లేచిన డోర్ మ్యాట్ తీసేయండి.
- వంటిల్లు: రోజూ వాడే డబ్బాలు నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో ఉండాలి. పప్పు డబ్బా పై అరలో ఉంటే, ఎవరూ లేనప్పుడు నానమ్మ స్టూలు ఎక్కుతారు.
- కాళ్లకు, ఒంటికి: అరిగిపోయిన హవాయి చెప్పులు తడి టైల్స్ మీద జారతాయి. మడమ దగ్గర పట్టీ ఉన్న, అడుగున గాళ్లున్న చెప్పులు కొనండి. చీర కుచ్చిళ్లు, పంచె అంచు కాలికి తగలనంత ఎత్తులో ఉంటే మంచిది.
- చేతికర్ర: నిలబడి చెయ్యి కిందికి వదిలినప్పుడు మణికట్టు ఎంత ఎత్తులో ఉంటుందో కర్ర పిడి అంత ఎత్తులో ఉండాలి. ఒక కాలు నొప్పిగా ఉంటే కర్రను రెండో వైపు చేత్తో పట్టుకోవాలి. అడుగున రబ్బరు బుష్ అరిగితే వెంటనే మార్చండి.

ఏది మార్చాలన్నా ముందు వాళ్లను అడగండి. "నాన్నా, పట్టుకొమ్ము ఎక్కడ పెట్టిస్తే మీ చేతికి అందుతుంది?" అన్న ఒక్క ప్రశ్నతో అది మీరు రుద్దిన ఏర్పాటు కాకుండా వాళ్లు పెట్టించుకున్న వస్తువు అవుతుంది. అప్పుడే వాడతారు కూడా.

కాళ్ల బలం కొలుద్దాం

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. పెద్దవారు దాని మీద కూర్చుని, రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, పూర్తిగా నిలబడి మళ్లీ కూర్చోవాలి. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టాలి. మీరు పక్కనే నిలబడాలి. నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆపేయాలి. ఇటీవల ఆపరేషన్ అయినవారు, నిలబడితే తూలేవారు డాక్టర్‌ను అడగకుండా చేయవద్దు.

70 నుంచి 74 ఏళ్ల వయసులో మగవారు 12 కన్నా తక్కువ సార్లు, ఆడవారు 10 కన్నా తక్కువ సార్లు లేస్తే పడే ప్రమాదం ఎక్కువ ఉన్నట్టు లెక్క. 80 నుంచి 84 ఏళ్ల వారికి ఈ హద్దులు 10, 9. చేతులు ఊతగా పెట్టుకోకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే ఫిజియోథెరపిస్ట్‌కు చూపించండి.

ఆ పరీక్షే మంచి వ్యాయామం కూడా. రోజుకు రెండు విడతలుగా, ఓపిక ఉన్నన్ని సార్లు లేచి కూర్చోవచ్చు. వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దించడం, గట్టు పట్టుకునే ఒంటి కాలి మీద కొన్ని సెకన్లు నిలబడటం రెండోది, మూడోది. 65 ఏళ్లు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలనీ, వారంలో 3 రోజులైనా నిలకడను, బలాన్ని పెంచే వ్యాయామాలు ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే రోజుకు అరగంట చొప్పున వారానికి 5 రోజులు. ఒకేసారి అక్కర్లేదు. ఉదయం కొంత, సాయంత్రం బస్సు స్టాపు దాకా కొంత నడిచినా సరిపోతుంది.

తిండి విషయం కూడా చూడండి. "పళ్లు లేవు, అరగదు" అని చాలామంది పెద్దలు చారన్నంతో సరిపెట్టుకుంటారు. కండ నిలవాలంటే పప్పు, పెరుగు, అలవాటు ఉంటే గుడ్డు ప్రతిరోజూ పళ్లెంలో ఉండాలి. రాత్రి లేవాల్సి వస్తుందని కొందరు నీళ్లు తాగడమే తగ్గిస్తారు. ఒంట్లో నీరు తగ్గితే కళ్లు తిరుగుతాయి. నీళ్లు పగలే ఎక్కువగా ఇవ్వండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం డాక్టర్ చెప్పిన కొలతనే పాటించాలి.

కళ్లు, బీపీ, మాత్రలు

పడుకుని లేదా కూర్చుని ఒక్కసారిగా లేచినప్పుడు కొందరు పెద్దలకు బీపీ పడిపోతుంది. నిలబడిన 3 నిమిషాల లోపు పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ, లేదా కింది అంకె 10 లేదా అంతకన్నా ఎక్కువ తగ్గితే డాక్టర్‌కు చెప్పాలి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి చూడండి. లేచే ముందు మంచం అంచున కాసేపు కూర్చుని, పాదాలు ఆడించి, తర్వాత నిలబడటం అలవాటు చేయండి.

బీపీ మందులు, నిద్ర మాత్రలు, జలుబుకు వాడే కొన్ని మాత్రలు మత్తునో తూలుడునో కలిగించవచ్చు. ఇద్దరు ముగ్గురు డాక్టర్ల దగ్గర చూపించుకునేవారి విషయంలో ఇది మరీ ముఖ్యం. వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని ఒకే డాక్టర్‌కు చూపించి, "ఇవన్నీ ఇంకా అవసరమా?" అని అడగండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపవద్దు.

ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించండి. పైన దూరపు చూపు, కింద దగ్గర చూపు ఉన్న అద్దాలతో మెట్లు దిగేటప్పుడు మెట్టు మసకగా కనిపిస్తుంది. అలాంటివారికి బయట నడవడానికి దూరపు చూపు అద్దాలు విడిగా ఉంటే మేలేమో కంటి డాక్టర్‌ను అడగండి.

వాళ్ల నిర్ణయాలు వాళ్లవే

స్వతంత్రంగా ఉండటమంటే తన పని తాను చేసుకోవడం ఒక్కటే కాదు, తన మాట చెల్లడం కూడా. డాక్టర్ "ఏమ్మా, ఎలా ఉంది?" అని అడిగినప్పుడు మనమే జవాబు చెప్పేయడం మానుకుందాం. పింఛను డబ్బులు వాళ్ల చేతికే రానిద్దాం. కూరగాయల బేరం, పూజ సామాను, తులసి మొక్క, మనవడి జడ్డిగం లెక్కల పుస్తకానికి అట్ట వేయడం, ఇలా ఇంట్లో కొన్ని పనులు పూర్తిగా వాళ్లవే అయి ఉండాలి. ఆలస్యమైనా ఆగుదాం.

ఫోన్ కూడా ఇందులో భాగమే. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దనీ, "డిజిటల్ అరెస్ట్" అనేది మన చట్టంలో లేనే లేదనీ నెలకోసారి గుర్తుచేయండి. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. పెద్దల సమస్యలకు సలహా, సాయం ఇచ్చే జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14567. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే పథకం 2024 అక్టోబరులో మొదలైంది. మీ ఇంట్లో అర్హులుంటే ఆధార్‌తో వయో వందన కార్డు తీయించండి.

ఒకవేళ పడితే

- కంగారుగా చంకల కింద చేతులు వేసి లేపవద్దు. ముందు మాట్లాడించండి, నొప్పి ఎక్కడో అడగండి.
- తుంటి దగ్గర తీవ్రమైన నొప్పి ఉన్నా, ఒక కాలు పొట్టిగా లేదా పక్కకు తిరిగినట్టు కనిపించినా కదిలించకుండా 108కి ఫోన్ చేయండి.
- తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే పైకి గాయం లేకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.
- దెబ్బ ఏమీ లేకపోతే, ఒక కుర్చీని దగ్గరకు జరిపి, మోకాళ్ల మీదకు వచ్చి దాని ఊతతో నిదానంగా వాళ్లనే లేవనివ్వండి.
- "మీరే చూసుకోవాలి కదా" అని మందలించకండి. మందలిస్తే ఈసారి పడినప్పుడు మనకు చెప్పరు. చెప్పకపోవడమే పెద్ద ప్రమాదం.

ఈ నెల ఇంటి పని: పిల్లలకు, పెద్దలకు కలిపి

1. పిల్లలు తాతయ్య, నానమ్మల కుర్చీ పరీక్షకు ఫోన్‌లో 30 సెకన్లు పెట్టి లెక్క రాయాలి. నెల తర్వాత మళ్లీ రాసి పోల్చాలి.
2. బూట్లు, బ్యాగు, బొమ్మలు నడిచే దారిలో లేకుండా చూసే బాధ్యత ఈ నెలంతా పిల్లలదే.
3. 108, 112, అమ్మానాన్నల నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి, నేల మీద నుంచి చూసినా కనిపించేంత కిందుగా గోడకు అంటించాలి.
4. వారానికి 3 సాయంత్రాలు మనవలు, పెద్దలు కలిసి నడవాలి. ఎంత దూరం వెళ్లాలో పెద్దలే నిర్ణయించాలి.
5. తల్లిదండ్రులు ఈ వారమే ఇంట్లోని పెద్దలను ఒక మాట అడగాలి: "మేం ఆపేసిన పనుల్లో మీరు మళ్లీ చేయాలనుకుంటున్నది ఏది?" చెప్పిన పనిని వాళ్లు క్షేమంగా చేయడానికి ఇంట్లో ఏం మార్చాలో అందరూ కూర్చుని ఆలోచించాలి.