ఒకటిన్నర వేగంతో చూడకమ్మా

షామ్‌బర్గ్, అమెరికా

చిరంజీవి స్వాతికి పెద్దత్త దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. వెబ్ సిరీస్‌లకి రాసే పనిలో చేరావని మీ మామయ్యకి పైకి చదివి వినిపించాను. మీ నాన్న ఒప్పుకున్నాడంటే సంతోషమే. చివర్లో నువ్వు రాసిన ఒక్క మాట మాత్రం రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. 'మిథునం' సినిమా ఫోన్లో ఒకటిన్నర వేగంతో చూసేశానన్నావు. పైగా ల్యాగ్ అన్నావు.

అమ్మడూ, శ్రీరమణ గారి ఆ కథ నచ్చి బాపు గారు మొత్తం తన దస్తూరీతో తిరగరాశారు. అచ్చులో ఉన్న కథని! అంతటి దర్శకుడు అక్షరమక్షరం కూర్చుని రాసుకున్నదాన్ని నువ్వు పరుగులు పెట్టించావు. 2000లోనే ఎం.టి. వాసుదేవన్ నాయర్ మలయాళంలో 'ఒరు చెరు పుంచిరి'గా తీశారు. మనకి 2012లో తనికెళ్ళ భరణి గారు తీసేదాకా రాలేదు. తెరమీద బాలు గారూ లక్ష్మి గారూ, ఇద్దరే. పెరడు, వంటిల్లు, కాఫీ, కీచులాటలు. బుచ్చిలక్ష్మి వడ్డిస్తుంటే అప్పదాసు తీరిగ్గా తింటాడు చూడు, ఆ తీరికే కథ. కాఫీ దండకాన్ని కూడా తొందరపెట్టి విన్నావా తల్లీ?

మా ఇంట్లో చూసినప్పుడు, భర్త తనకంటే ముందు వెళ్ళిపోయినందుకు బుచ్చిలక్ష్మి ఎందుకు ఊరటపడిందో చెప్పే చోట మీ మామయ్య రిమోట్ తీసుకుని ఆపేశారు. వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చి మళ్ళీ పెట్టారు. సినిమా అంటే అలా చూడాలి.



మా చదువు రోజుల్లో కథనీ సినిమానీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళం. 1976లో 'సెక్రటరీ' సినిమా వచ్చినప్పుడు మా హాస్టలు రెండు పార్టీలయింది. యద్దనపూడి గారి నవలా నాయకుడు రాజశేఖరం మా మనసుల్లో అప్పటికే ఆరడుగులు నిలబడి ఉన్నాడు. నాగేశ్వరరావు గారు ఆ కొలతకి సరిపోతారా లేదా అన్నదే తగువు. సినిమా చూసొచ్చాక అట్ట ఊడిన నవల ముందేసుకుని ఏ పేజీ ఉంచారు, ఏది ఎగ్గొట్టారు అని తెల్లవార్లూ వెతికాం. వార్డెను దీపం ఆర్పేస్తే వరండా వెలుతురులోకి జరిగాం. ఆవిడా ఆ నవల చదివిందని తర్వాత తెలిసింది. నీ వృత్తికి కావలసిన చదువు అదే. వదిలేసినదేదో తెలిస్తేగానీ ఉంచినదాని విలువ తెలియదు.

ఇప్పటికీ ఇక్కడి లైబ్రరీ నుంచి నవలా, దాని సినిమా డీవీడీ కలిపి తెచ్చుకుంటాను. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'ని 1995లో బీబీసీ వాళ్ళు ఆరు భాగాలుగా తీశారు, 2005లో రెండు గంటల సినిమా వచ్చింది. నా ఓటు ఆరు భాగాలకే. మనిషి మనసు మారడానికి వ్యవధి కావాలి, అది అందులో దొరికింది.

నీకు బోలెడు పని, తెలుసు. నీ తెలివి మీద నాకు నమ్మకం ఉంది, నీ కంగారు మీదే లేదు. ఈ ఆదివారం ముందు శ్రీరమణ గారి కథ చదువు. తర్వాత సినిమా మామూలు వేగంతో చూడు, ఫోన్లో కాదు, మీ అమ్మానాన్నల పక్కన కూర్చుని టీవీలో. ఏ దృశ్యం దగ్గర ఆగాలనిపించిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
పెద్దత్త