శునక వసతి గృహము

మన తొండేభావినుండి బెంగళూరునకు రైలుమార్గము కలదు. ఆ నగరమున కుక్కలను పెంచు కుటుంబములు పెక్కు. పండుగకో పెండ్లికో పొరుగూరికి పోవునపుడు వారు కుక్కను వసతి గృహమున విడిచి, దినమునకింత యని రుసుము చెల్లింతురు. కొంత స్థలము, మిక్కిలి ఓర్పు గల పల్లె యువకునకు ఇది యొక జీవనోపాధి కాగలదు.

ఇందు మొదటి నియమము టీకా. రేబిస్ వ్యాధి లక్షణములు బయటపడిన పిమ్మట బ్రదుకుట మిక్కిలి అరుదు. 1885లో లూయీ పాశ్చరు దీనికి టీకాను మనుష్యునకు వేసి మార్గము చూపెను. కావున టీకాపత్రము లేని కుక్కను, ఎంత సొమ్మిచ్చినను, చేర్చుకొనరాదు. ఒక్కదానివలన తక్కిన కుక్కలకును, కాపరి బిడ్డలకును ముప్పు కలుగును. కుక్క కరచినచో గాయమును వెంటనే సబ్బుతో, పారు నీటితో 15 నిమిషములు కడిగి ఆసుపత్రికి పోవలెను. ఈ సంగతి తలిదండ్రులు పిల్లలకు తప్పక నేర్పవలెను.

రెండవది వసతి. ఒక్కొక్క కుక్కకు వేరు గది, గాలి, వెలుతురు, నీరు నిలువని వాలునేల యుండవలెను. దగ్గు, విరేచనములు గలదానిని దూరముగా నుంచవలెను. తిండి, నీరు ఇయ్యకుండుట, మితిమీరి పొట్టి గొలుసుతో చాలసేపు కట్టివేయుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరములు.

మూడవది పరిచయము. ఇంట తిను ఆహారమునే పెట్టవలెను. యజమాని వాసనగల పాతగుడ్డ నొకటి పడకలో వేసిన కుక్క నెమ్మదించును. చేర్చుకొనునాడే యజమాని చిరునామాను, వైద్యపు ఖర్చునకు సమ్మతిని వ్రాయించుకొనవలెను.

వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానన్న ధర్మరాజు కథ మన బిడ్డలెరిగినదే. నమ్మి అప్పగించిన ప్రాణిని క్షేమముగా తిరిగి అప్పగించుటయే ఈ వృత్తికి అసలు పెట్టుబడి.