చెరకు చాళ్లలో నిలిచే తేమ సెన్సార్: ఇరుకు గొట్టానికి తగిన ఎలక్ట్రానిక్ విడిభాగాల ఎంపిక

అనకాపల్లి ప్రాంతంలో తొలకరికి ముందు నాటిన చెరకుకు పిలకలు తొడిగే బాల్యదశ మండు వేసవిలో వస్తుంది. ఏప్రిల్ నుండి జూన్ వరకు ఇచ్చే తడులే కోతనాటి గడల సంఖ్యను చాలావరకు నిర్ణయిస్తాయి. ఈ దశలో సుమారు వారానికొక తడి అన్నది సాధారణ సిఫారసు. తేలిక నేలలకు ఆ వ్యవధి ఎక్కువ కావచ్చు, బరువు నేలలకు తక్కువ కావచ్చు. 1913లో చెరకు పరిశోధనకు కేంద్రంగా ఏర్పడిన అనకాపల్లి పరిశోధన స్థానం పరిసరాలలో కూడా, తడి ఎప్పుడివ్వాలన్న ప్రశ్నకు క్యాలెండర్ కంటే నేలలోని తేమే సరైన సమాధానం చెప్పగలదు.

కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థ రూపొందించిన తేమ సూచిక రంగు దీపాలతో రైతుకు ఈ సమాచారం అందిస్తుంది. అది చేతిలో పట్టుకొనే పరికరం గనుక దానిలోని సర్క్యూట్‌కు స్థలం కొరత లేదు. పంటకాలమంతా చాలులో పాతిపెట్టి, గంటకొకసారి తేమ విలువను రేడియో ద్వారా పంపవలసిన సెన్సార్ విషయం వేరు. అది ఇరుకుగా ఉండక తప్పదు. దీనికి కారణం నేలలోనే ఉంది.

కెపాసిటివ్ సెన్సార్లు నేల విద్యుద్రోధక స్థిరాంకాన్ని కొలుస్తాయి. నీటికి ఈ విలువ సుమారు 80, ఎండిన మట్టికి 3 నుండి 5, గాలికి 1. లావు గొట్టం కోసం పెద్ద గుంత తీస్తే వేళ్లు తెగుతాయి, తిరిగి పూడ్చిన మట్టి బిగుతు మారుతుంది, గొట్టం చుట్టూ గాలి సందులు మిగులుతాయి. సందు ఒక మిల్లీమీటరే అయినా అది ఎలక్ట్రోడ్‌కు ఆనుకొని ఉండడం వల్ల, తడి నేలను కూడా పొడి నేలగా చూపుతుంది. అందుచేత లోపలి వ్యాసం 22 మి.మీ. గల పీవీసీ గొట్టాన్ని ఇక్కడ ఉదాహరణగా తీసుకొని విడిభాగాల ఎంపికను పరిశీలించవచ్చు.

స్థలం ఏ దిక్కున కొరత?

గొట్టంలో వెడల్పు కరువు, పొడవు పుష్కలం. 18 మి.మీ. వెడల్పు గల బోర్డును గొట్టం మధ్యగా నిలిపితే నడిమిన 11 మి.మీ. ఎత్తు దొరుకుతుంది. అంచుల వద్ద మాత్రం 11 వర్గం నుండి 9 వర్గాన్ని తీసివేయగా మిగిలే 40కి వర్గమూలం, అనగా 6.3 మి.మీ. మాత్రమే దొరుకుతుంది. బోర్డు మందంలో సగం, 0.8 మి.మీ., దీనినుండి మళ్లీ తగ్గించాలి. కనుక ఎత్తైన భాగాలు నడిమిన, పలుచనివి అంచులకు అమర్చాలి. బజారులో సాధారణంగా దొరికే 5 మి.మీ. వ్యాసం, 11 మి.మీ. ఎత్తు గల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ నిలువుగా పట్టదు, పడుకోబెట్టాలి. పైగా ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. ఎండకు గురయ్యే గొట్టంలో దానిని వాడకపోవడమే మేలు.

విద్యార్థులు తరచుగా చేసే పని, రెసిస్టర్లను, కెపాసిటర్లను 0805 పరిమాణం నుండి 0402కు కుదించడంతో రూపకల్పన మొదలుపెట్టడం. 0805 భాగం 2.0 × 1.25 మి.మీ., 0402 భాగం 1.0 × 0.5 మి.మీ. ఇటువంటివి 30 ఉన్నాయనుకుంటే విడిభాగాలు ఆక్రమించే స్థలం 75 చదరపు మి.మీ. నుండి 15కు తగ్గుతుంది. మిగిలిన 60 చదరపు మి.మీ. 18 × 60 మి.మీ. బోర్డులో ఆరు శాతం కూడా కాదు. తీగలు బిగించే ఒక్క మరల టెర్మినల్‌ను తొలగించి తీగలను నేరుగా టంకం వేస్తే అంతకంటే ఎక్కువ స్థలం దొరుకుతుంది. కుదించడానికి వీలులేని భాగాలైన బ్యాటరీ, యాంటెన్నాలను ముందు నిర్ణయించి, మిగిలిన చోటును ఇతర భాగాలకు పంచడమే సరైన క్రమం.

బ్యాటరీ, యాంటెన్నా

సీఆర్2032 నాణెపు సెల్ 20 మి.మీ. వ్యాసం, 3.2 మి.మీ. మందంతో ఆకర్షిస్తుంది. దాని సామర్థ్యం సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటలు. నిద్రావస్థలో 5 మైక్రో ఆంపియర్ల వాడకానికి ఏడాదికి 44, గంటకొకసారి 40 మిల్లీ ఆంపియర్ల చొప్పున 0.4 సెకను ప్రసారానికి సుమారు 39, మొత్తం 83 మిల్లీ ఆంపియర్ గంటలు. కాగితం మీద రెండేళ్లకు పైగా వస్తుంది. తోటలో రాదు. సెల్ అంతర్నిరోధం 20 ఓములనుకుంటే ప్రసార సమయంలో 0.8 వోల్టు పడిపోతుంది. సెల్ వాడుకైనకొద్దీ నిరోధం ఇంకా పెరిగి మైక్రోకంట్రోలర్ మళ్లీ మళ్లీ మొదటికి వస్తుంది. ఈ లోటును కెపాసిటర్‌తో పూడ్చాలంటే, 0.5 వోల్టు తగ్గుదలను అనుమతించినా 32 మిల్లీ ఫారడ్‌లు కావాలి. అంటే సూపర్ కెపాసిటర్ అవసరమవుతుంది, చిన్న సెల్‌తో ఆదా అయిన చోటు దానికే పోతుంది.

14.5 మి.మీ. వ్యాసం గల రెండు ఏఏ సెల్‌లను ఒకదాని వెనుక ఒకటి పెడితే సుమారు 101 మి.మీ. పొడవు పడుతుంది. గొట్టంలో పొడవుకు కొదవ లేదు. పల్లెలోని కిరాణా కొట్టులో కూడా దొరికే ఈ సెల్‌లను ప్రతి పంటకు మార్చవచ్చు. విస్తరణ దృష్టిలో ఇది చిన్న సంగతి కాదు. పట్నం నుండి తెప్పించవలసిన సెల్ అయిపోయిన సెన్సార్ సాధారణంగా గట్టు మీదకు చేరుతుంది.

మన దేశంలో లైసెన్సు అవసరం లేని 865–868 మెగాహెర్ట్జ్ పట్టీకి పావు తరంగ తీగ పొడవు సుమారు 8.65 సెం.మీ. చిప్ యాంటెన్నా కొన్ని మిల్లీమీటర్లలో ఇమిడినా, దాని కింద తగినంత పొడవైన రాగి తలం లేకపోతే సామర్థ్యం బాగా తగ్గుతుంది. ఇక్కడ తీగనే గొట్టం పొడవునా నేలకు పైభాగంలో నిలపడం మంచిది. పీవీసీ సామీప్యం వల్ల అనునాదం కొద్దిగా మారుతుంది కాబట్టి గొట్టం తొడిగిన స్థితిలోనే కొలిచి తీగ కొనను కత్తిరించాలి. నీరు నిండిన ఆకులు సంకేతాన్ని పీల్చుకుంటాయి. జూన్‌లో చక్కగా అందిన సంకేతం, గడలు తలెత్తున పెరిగి చాళ్లు కమ్ముకున్న అక్టోబరులో అందకపోవచ్చు. అందువల్ల దూర పరీక్షను ఎదిగిన తోటలోనే చేయాలి.

చిన్న కెపాసిటర్ చేసే పెద్ద పొరపాటు

ఈ సర్క్యూట్‌లో రైతుకు నష్టం కలిగించగల భాగం ఇదే. సెన్సార్ పౌనఃపున్యాన్ని నిర్ణయించే చోట చిన్నదని, చౌకని ఎక్స్7ఆర్ రకం సిరామిక్ కెపాసిటర్ పెట్టడం కద్దు. ఆ రకానికి ఉష్ణోగ్రత పరిధిలో ధారణ 15 శాతం వరకు అటూ ఇటూ మారే స్వేచ్ఛ ఉంది. వై5వి రకం 82 శాతం వరకు తగ్గవచ్చు. అప్పుడు ఉదయానికి, మిట్టమధ్యాహ్నానికి మధ్య కెపాసిటర్‌లో వచ్చిన మార్పు నేలతేమలో మార్పుగా నమోదవుతుంది. తేమ ఉన్నదన్న తప్పుడు సూచనతో మే నెలలో ఒక్క తడి తప్పినా పిలకలు ఎండిపోతాయి, ఆ లోటును తరువాతి వానలు పూర్తిగా తీర్చలేవు. ఈ స్థానంలో డిగ్రీకి పది లక్షలలో 30 వంతులకు మించి మారని సి0జి రకమే వాడాలి. అదే ధారణకు పరిమాణం కొంత పెద్దదైనా ఇక్కడ రాజీపడరాదు. ఈ కొలత భాగాన్ని ఎలక్ట్రోడ్‌లకు ఆనించి అడుగున చిన్న బోర్డుగా, రేడియోను పైన వేరే బోర్డుగా అమర్చితే పొడవైన తీగల ధారణ కొలతలో కలవదు.

విద్యుత్ సరఫరా కెపాసిటర్లకు ఎక్స్7ఆర్ సరిపోతుంది. అయితే పరిమాణం తగ్గేకొద్దీ వోల్టేజి ప్రభావంతో ధారణ పడిపోవడం సాధారణంగా ఎక్కువవుతుంది. చిన్న భాగం మీద రాసిన 10 మైక్రోఫారడ్‌లు పనిచేసే వోల్టేజి వద్ద సగానికి తగ్గవచ్చు. తయారీదారు ఇచ్చే వోల్టేజి–ధారణ రేఖను చూడకుండా ఎంచుకోకూడదు.

ఎంతవరకు కుదించాలి?

సాధారణ టంకపు కడ్డీ, భూతద్దంతో పనిచేసే కేంద్రాలకు 0603 పరిమాణం, అనగా 1.6 × 0.8 మి.మీ., ఆచరణీయమైన హద్దు. కొనేటప్పుడు సంకేతం అంగుళాలదా, మెట్రిక్‌దా అని అడగాలి. మెట్రిక్‌లో 0603 అంటే 0.6 × 0.3 మి.మీ. ఇసుక రేణువంత భాగం. కాళ్లు బయటకు కనిపించే ఐసీలను, అడుగున మాత్రమే అతుకులుండే వాటి కంటే ముందుగా ఎంచుకోవాలి. టంకం సరిగా పడిందో లేదో కంటితో చూడగలగడం పొలంలో పెట్టే పరికరానికి అవసరం.

అతుకుల మధ్య దూరం తగ్గేకొద్దీ తీరప్రాంతపు గాలిలోని తేమ, మిగిలిపోయిన ఫ్లక్స్, ఎరువుల లవణాలు కలిసి వాటి మధ్య విద్యుత్ కారే దారిని ఏర్పరుస్తాయి. బోర్డును ఆల్కహాలుతో శుభ్రపరచి, పూర్తిగా ఆరబెట్టి, రక్షణ పూత వేసిన తరువాతనే గొట్టంలోకి దించాలి. సెల్ స్పర్శలకు మాత్రం పూత తగలరాదు.

సెన్సార్‌ను తోటకు పంపే ముందు ఒకే తేమగల మట్టి ఉన్న మూత డబ్బాలో ఉంచి, ఒకసారి నీడలోను, ఒకసారి ఎండలోను విలువలు చూడాలి. ఆ మట్టి నమూనాను 105 డిగ్రీల వద్ద స్థిర బరువు వచ్చేవరకు ఓవెన్‌లో ఆరబెట్టి, కోల్పోయిన బరువుతో ఆ విలువలను పోల్చాలి. నీడకు, ఎండకు మధ్య తేడా తోటలో తడి ఇవ్వవలసిన హద్దును దాటేంత ఉంటే, ముందుగా ఆ కాలనిర్ణయ కెపాసిటర్‌ను మార్చి చూడాలి.